ఇంట్లో మూత్రం పోసే పెద్ద కుక్క: కారణాలు, మాన్పించే పద్ధతి



కుక్కపిల్ల ఇంట్లో మూత్రం పోస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పసిది, దానికేం తెలుసులే అని తడిగుడ్డతో తుడిచేస్తారు. అదే పని మూడేళ్ళ కుక్కో, ఆరేళ్ళ కుక్కో చేసిందంటే మాత్రం ఇల్లంతా గొడవే. మంచం కోడు తడిసిందని ఒకరు, బియ్యం బస్తా పాడైందని ఒకరు, దేవుడి గది గడప అంటుపడిందని ఒకరు దాని మీద విరుచుకుపడతారు. మొదట కేకలు, తర్వాత దెబ్బలు, ఆపైన రాత్రీ పగలూ గొలుసు. చివరికి ఒకరోజు బండి మీద ఎక్కించుకుని పోయి ఊరి బయట వదిలేసి వస్తారు. ఏళ్ళ తరబడి వాకిలి కాచిన జీవం అలా రోడ్డున పడుతుంది.

ఇంత దూరం రానక్కరలేదు. పెద్ద కుక్కకు కొత్త అలవాటు రాదన్న మాటలో నిజం లేదు. పిల్లకంటే పెద్ద కుక్కే మూత్రాన్ని ఎక్కువసేపు ఆపుకోగలదు. అందువల్ల దానికి నేర్పడం కొన్ని విషయాల్లో సులువు కూడా. అయితే నేర్పడానికి ముందు, అది ఎందుకు ఇలా చేస్తున్నదో మనం తెలుసుకోవాలి. కారణం తెలియకుండా కర్ర పట్టుకోవడం, జ్వరమో దెబ్బో చూడకుండా మందు వేయడం వంటిది. ఈనాటి ప్రసంగంలో ముందు ఆ కారణాలను, తర్వాత అలవాటు మార్చే పద్ధతిని వివరంగా చెప్పుకుందాం.

ముందుగా ఒక అపోహ సంగతి. "మా కుక్క కావాలనే చేస్తుందండీ, కోపంతో చేస్తుంది. చేసినట్టు దానికి తెలుసు, మమ్మల్ని చూడగానే తల వంచుకుంటుంది" అని చాలామంది అంటారు. ఈ తల వంచుకోవడం మీద 2009లో న్యూయార్కులోని బార్నార్డ్ కళాశాలలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు ఒక పరీక్ష చేశారు. తినవద్దని చెప్పి కుక్క ముందు తినుబండారం ఉంచి, యజమానిని బయటికి పంపారు. తిరిగి వచ్చిన యజమానికి ఒకసారి నిజం, ఒకసారి అబద్ధం చెప్పారు. తేలిందేమిటంటే, తప్పు చేసిన కుక్కే తల వంచుకుంటుందన్న మాట నిలబడలేదు. యజమాని ఎప్పుడు కోప్పడితే అప్పుడు కుక్క తల వంచింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో ఆ ముఖం ఇంకా ఎక్కువగా కనిపించింది. అంటే మనం పశ్చాత్తాపం అనుకునేది మన కోపాన్ని చూసి పుట్టిన బెదురు మాత్రమే. పొద్దున ఎప్పుడో పోసిన మూత్రానికి మధ్యాహ్నం కొడితే, ఆ దెబ్బకూ ఆ పనికీ ఉన్న సంబంధం కుక్కకు తెలియదు. ముక్కును మూత్రంలో రుద్దడం కూడా అంతే. దానివల్ల కుక్క నేర్చుకునేది ఒక్కటే: ఈ మనిషి ఎదురుగా మూత్రం పోయడం ప్రమాదం అని. ఆ తర్వాత అది మంచం కిందికో, బీరువా వెనక్కో పోయి పని ముగిస్తుంది. బయటికి తీసుకుపోయినా మీ ముందు పోయదు. సమస్య రెండింతలవుతుంది.

ఇక కారణాలకు వద్దాం. ఒక చిన్న నోటు పుస్తకం తీసుకుని మూడు రోజులపాటు నాలుగు విషయాలు రాయండి. ఏ సమయంలో పోసింది, ఏ చోట పోసింది, ఎంత పోసింది, ఎలా పోసింది. కూర్చుని పోసిందా, కాలెత్తి పోసిందా, పడుకుని ఉండగానే కారిందా, మిమ్మల్ని చూసి నక్కుతూ పోసిందా అన్నది కూడా రాయాలి. ఈ మూడు రోజుల పుస్తకం సగం సమాధానం చెప్పేస్తుంది. పశువైద్యుడి దగ్గరికి వెళ్ళినా ఆయన అడిగే ప్రశ్నలు ఇవే.

మొదటి కారణం జబ్బు. ఇన్నాళ్ళూ శుభ్రంగా ఉన్న కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోయడం మొదలుపెడితే ముందు అనుమానించవలసింది జబ్బునే. మూత్రనాళంలో చీము పట్టినా, మూత్రాశయంలో రాళ్ళు చేరినా మాటిమాటికీ కొంచెం కొంచెంగా పోస్తుంది. మూత్రంలో రక్తపు చార కనిపించవచ్చు. చక్కెర వ్యాధి, మూత్రపిండాల జబ్బు ఉన్న కుక్క నీళ్ళు విపరీతంగా తాగుతుంది, అంతకు తగ్గట్టు పోస్తుంది. దురదకు వాడే స్టెరాయిడ్ మాత్రల వల్ల కూడా దాహం, మూత్రం పెరుగుతాయి. అటువంటప్పుడు మందును మీ అంతట మీరు ఆపకండి, ఇచ్చిన వైద్యుడిని అడగండి.

నీళ్ళు ఎక్కువ తాగుతున్నదో లేదో ఇంట్లోనే కొలవవచ్చు. పొద్దున లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోయండి. రోజంతా ఎన్నిసార్లు నింపితే అన్నిసార్లూ రాసుకోండి. మర్నాడు పొద్దున మిగిలింది తీసేసి లెక్క చూడండి. కిలో బరువుకు రోజుకు 50, 60 మిల్లీలీటర్లు మామూలు. ఎండలను బట్టి, తిండిని బట్టి కొంత పెరుగుతుంది. 100 మిల్లీలీటర్లు దాటితే అనుమానించాలి. అంటే 20 కిలోల కుక్క రోజూ రెండు లీటర్లకు మించి తాగుతున్నదంటే వైద్యుడికి చూపించవలసిందే. అంతేగాని మూత్రం తగ్గుతుందని నీళ్ళ గిన్నె తీసేయడం మహా పొరపాటు. మూత్రపిండాల జబ్బున్న కుక్కకు అది ప్రాణం మీదికి తెస్తుంది. రాయచూరు, బళ్ళారి ఎండల్లో ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కూడా ప్రమాదమే.

ఆడకుక్క విషయంలో మరొక జాగ్రత్త. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చి వెళ్ళిన నెల, రెండు నెలల లోపల బాగా నీళ్ళు తాగుతూ, తిండి మానేసి, మందకొడిగా ఉంటే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. చీము బయటికి కారవచ్చు, కారకపోవచ్చు. ఇది ఆలస్యం చేయదగిన జబ్బు కాదు. అలాగే మగకుక్క మాటిమాటికీ కాలెత్తి ముక్కుతూ, చుక్క కూడా రాక అవస్థ పడుతుంటే మూత్రనాళంలో రాయి అడ్డుపడి ఉండవచ్చు. ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆపరేషన్ అయిన కొన్ని ఆడకుక్కలకు కొన్నేళ్ళ తర్వాత నిద్రలో మూత్రం కారుతుంది. లేచి చూస్తే పడుకున్న గోనెపట్టా తడిసి ఉంటుంది. ఆ సంగతి కుక్కకే తెలియదు. దీనికి మందులున్నాయి, తరచుగా బాగా పనిచేస్తాయి. దీనికి శిక్షణతో పని లేదు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మూత్రం పట్టుకుపోతే మంచిది. పొద్దున మొదటిసారి పోసేటప్పుడు శుభ్రంగా కడిగి ఆరబెట్టిన వెడల్పాటి గిన్నె కింద పెట్టి పట్టి, మూతగల సీసాలో పోసి, ఒకటి రెండు గంటల్లో అందజేయండి.

రెండవ కారణం గుర్తు పెట్టుకోవడం. వయసొచ్చిన మగకుక్క కాలెత్తి గోడ మూలకో, ద్వారబంధానికో, స్కూటరు చక్రానికో, తులసికోటకో కొద్దిగా చిమ్ముతుంది. పొట్ట ఖాళీ చేసుకోవడం దాని ఉద్దేశం కాదు. ఇది నా చోటు అని వాసనతో రాసే సంతకం అది. వీధికుక్క గేటు దగ్గర తిరిగినా, ఇంటికి కొత్త మనిషి వచ్చినా, కొత్త సామాను దిగినా ఇది పెరుగుతుంది. ఎదలో ఉన్న ఆడకుక్కలు, కొన్ని మామూలు ఆడకుక్కలు కూడా ఇలా చేస్తాయి. ఆపరేషన్ చేయిస్తే చాలా మగకుక్కల్లో ఇది తగ్గుతుంది. కాని ఏళ్ళ తరబడి అలవాటైపోయిన కుక్కలో ఆపరేషన్‌తో పాటు శిక్షణ కూడా అవసరం.

మూడవ కారణం బెదురు. మీరు ఇంట్లోకి రాగానే చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, నేలకు కరుచుకుపోతూ కొద్దిగా మూత్రం వదిలే కుక్కలుంటాయి. నువ్వు పెద్దవాడివి, నన్నేం చేయకు అని కుక్కల భాషలో అది పెట్టుకునే దణ్ణం. ఇటువంటి కుక్కను కసిరితే ఇంకా ఎక్కువ పోస్తుంది. దాని మీదికి వంగకండి, తల మీద చెయ్యి పెట్టకండి. ఇంటికి రాగానే కాసేపు పట్టించుకోకుండా మీ పని చూసుకోండి. తర్వాత పక్కకు తిరిగి కూర్చుని, అదే దగ్గరికి వచ్చాక గదవ కింద నిమరండి. వీలైతే పలకరింపును వాకిట్లోనే ముగించండి. దీపావళి టపాకాయలకూ, ఉరుములకూ భయపడి పోసే కుక్కలు కూడా ఈ కోవలోకే వస్తాయి. వాటికి కావలసింది చీకటిగా, చప్పుడు లేని ఒక మూల, పక్కన తెలిసిన మనిషి.

నాలుగవ కారణం అన్నింటికంటే మామూలుది. ఆ కుక్కకు ఎవరూ నేర్పలేదు. ఉదాహరణకు తుంగభద్ర ఆయకట్టులో, సింధనూరు చుట్టుపక్కల క్యాంపుల్లో కళ్ళం దగ్గర పెరిగిన కుక్కను తీసుకోండి. పుట్టినప్పటి నుంచి దానికి ఆకాశమే కప్పు. ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడ కావాలంటే అక్కడ గట్టు మీదో, చెట్టు కిందో పోసుకుంది. ఐదేళ్ళ తర్వాత ఆ కుటుంబం టౌనులో బండల ఇల్లు కట్టుకుని కుక్కను వెంట తెచ్చుకుంది. తలుపు అనేది ఒకటి ఉంటుందని, దానికి ఇవతల పోయకూడదని ఆ కుక్కకు ఎలా తెలుస్తుంది? ఇంకో రకం, పుట్టింది మొదలు సిమెంటు నేల మీద గొలుసుకు కట్టి ఉంచిన కుక్క. అది పడుకున్న చోటే పోయక తప్పలేదు. పాదాల కింద సిమెంటు తగిలితేనే దానికి మూత్రం వస్తుంది. గడ్డి మీద నిలబెడితే అరగంటైనా బిగబట్టి, ఇంట్లోకి రాగానే గచ్చు మీద వదిలేస్తుంది. చూసేవాళ్ళకు అది పొగరులా కనిపిస్తుంది. నిజానికి అది దాని అలవాటు.

ఇప్పుడు నేర్పే పద్ధతి చెప్పుకుందాం. దీనికి మూడు సూత్రాలు: వేళ తప్పకుండా బయటికి తీసుకుపోవడం, సరైన చోట పోయగానే బహుమానం ఇవ్వడం, ఇంట్లో తప్పు జరిగే అవకాశం ఇవ్వకపోవడం.

మొదటి రెండు వారాలు కుక్కను మెడపట్టీకి తాడు కట్టి మీరే తీసుకువెళ్ళాలి. గేటు తీసి పొమ్మంటే అది ఎక్కడ పోసిందో, అసలు పోసిందో లేదో మీకు తెలియదు. తెల్లవారి లేవగానే ఒకసారి, పొద్దున తిండి తిన్న పావుగంట, అరగంటకు ఒకసారి, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి తిండి తర్వాత, పడుకోబోయే ముందు. అంటే రోజుకు ఆరుసార్లు. పగటి నిద్ర నుంచి లేచినప్పుడు, ఆటలాడాక ఇంకోసారి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆపుకోగలదు. అయినా నేర్పే రోజుల్లో పగటిపూట నాలుగు గంటలకు మించి ఉంచవద్దు. తిండి కూడా వేళకే పెట్టండి. ఎవరు తింటే వాళ్ళు ఒక ముద్ద విసరడం మానండి. లోపలికి పోయే వేళ తెలిస్తే బయటికి వచ్చే వేళ తెలుస్తుంది.

ఎప్పుడూ ఒకే తలుపు గుండా, ఒకే చోటికి తీసుకుపోండి. పెరట్లో వేపచెట్టు మొదలో, రోడ్డు పక్క మట్టి నేలో ఏదైనా సరే. అక్కడ నిలబడి కదలకండి, మాట్లాడకండి. అయిదు నుంచి పది నిమిషాలు ఆగండి. పోయడం మొదలుపెట్టగానే ఒక మాట మెల్లగా అనండి. పోయడం పూర్తయిన మరుక్షణం, ఒకటి రెండు సెకన్లలో, చేతిలో ఉన్న తినుబండారం చిన్న ముక్క పెట్టి మెచ్చుకోండి. ఉడికించిన గుడ్డు ముక్క, రాగి సంకటి ఉండ, కోడిమాంసం నలుసు ఏదైనా చాలు. ఉల్లిపాయ తగిలిన కూర, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ మాత్రం కుక్కకు పెట్టకూడదు. ఉప్పుచేప కూడా వద్దు. ఉప్పు దాహం పెంచుతుంది, దాహం మూత్రం పెంచుతుంది. ఇంట్లోకి వచ్చాక బహుమానం ఇస్తే లాభం లేదు, ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది.

ఇంకొక చిన్న సంగతి. కుక్క పోయగానే వెంటనే ఇంట్లోకి లాక్కురాకండి. అలా చేస్తే పోస్తే షికారు అయిపోతుందని అది నేర్చుకుంటుంది, వీలైనంతసేపు బిగబడుతుంది. పోసిన తర్వాత అయిదు నిమిషాలు తిప్పండి. ముందు పని, తర్వాత షికారు అన్నది దానికి అర్థమైపోతుంది.

ఇక ఆ మాట సంగతి. మన సరిహద్దు జిల్లాల ఇళ్ళలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కోలారులో ఒక ఇంట్లో అవ్వ కుక్కను తెలుగులో "రా" అని పిలుస్తుంది. బడికి పోయే పిల్లలు కన్నడంలో "ఇల్లి బా" అంటారు. హోసూరు, కృష్ణగిరి వైపు పనిమనిషి తమిళంలో "ఇంగే వా" అంటుంది. బరంపురం, రాయగడ వైపు ఒడియాలో "ఏఠికి ఆ" అని, నాందేడు, చంద్రపూర్ వైపు మరాఠీలో "ఇకడే యే" అని వినిపిస్తుంది. మనకు రెండు మూడు భాషలు మాట్లాడటం పుట్టుకతో వచ్చిన విద్య. కుక్కకు అవి వేర్వేరు శబ్దాలు మాత్రమే. దానికి భాష తెలియదు, శబ్దమే తెలుసు. అందువల్ల ఈ పనికి ఇంటిల్లిపాదీ ఒకే మాట ఎంచుకోండి. "పోయి" అనండి, "బైటికి" అనండి, మీ ఇష్టం. ఏ భాషలో ఉన్నా ఫరవాలేదు. అందరూ అదే మాట, అదే గొంతుతో అనాలి. ఆ మాట రాసి తలుపు మీద అంటిస్తే ఇంకా మంచిది. రెండు మూడు వారాల్లో ఆ మాట వినగానే కుక్క పని ముగించుకుంటుంది. వానలోనో, ప్రయాణంలోనో ఇది ఎంతో ఉపయోగపడుతుంది.

ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేయాలి? మొదటి రెండు వారాలు కుక్క మీ కంటి ఎదుట ఉండాలి. మీరు కూర్చున్న కుర్చీకో, మీ నడుముకో రెండు గజాల తాడుతో కట్టుకోండి. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగినా, తలుపు వైపు చూసినా, ఆటలో ఉన్నట్టుండి ఆగిపోయినా వెంటనే బయటికి తీసుకుపోండి. చూడటానికి వీలుకానప్పుడు దాని పడక ఉన్న చిన్న గదిలోనో, నీడ, నీళ్ళు ఉన్న పెరట్లోనో ఉంచండి. పడుకునే చోటును తడపడానికి మామూలుగా కుక్క ఇష్టపడదు. బయటికి తీసుకువెళ్ళినా పోయకపోతే లోపలికి తెచ్చి దగ్గరే ఉంచుకుని, పావుగంట ఆగి మళ్ళీ తీసుకుపోండి. రెండు వారాలు ఒక్క తప్పూ జరగకపోతే ఒక గదిలో వదలండి. ఇంకో రెండు వారాలకు ఇంకో గది. తప్పు జరిగితే ఒక మెట్టు వెనక్కి రండి, అంతే.

మీ కళ్ళముందే ఇంట్లో పోయడం మొదలుపెడితే? కేక వేయకండి. చప్పట్లు ఒకసారి కొట్టి, ఆపగానే బయటికి తీసుకుపోండి. మిగిలింది అక్కడ పోస్తే మెచ్చుకోండి. పోసిన తర్వాత చూసినట్టయితే చేయవలసింది ఒక్కటే. మౌనంగా శుభ్రం చేయడం.

ఈ శుభ్రం చేయడమనేది శిక్షణలో సగం. మన ముక్కుకు తెలియని వాసన కుక్క ముక్కుకు తెలుస్తుంది. ఆ వాసనే ఇది మరుగుదొడ్డి అని దాన్ని మళ్ళీ అక్కడికి పిలుస్తుంది. ఫినాయిల్ వేస్తే మనకు వాసన మరుగున పడుతుంది, కుక్కకు కాదు. పైగా ఫినాయిల్ తొక్కి పాదాలు నాక్కుంటే కడుపులోకి పోయి హాని చేస్తుంది. ముందు పాతగుడ్డతో మూత్రాన్ని పూర్తిగా అద్ది తీయండి. నీళ్ళతో కడిగి, ఎంజైములున్న బట్టల సబ్బుపొడి కలిపిన నీళ్ళు పోసి పది, పదిహేను నిమిషాలు ఉంచి కడగండి. ఆ తర్వాత మామూలు నేల మీద సగం వెనిగర్, సగం నీళ్ళు కలిపి తుడవవచ్చు. షాబాదు బండ, పాలరాయి వంటి వాటికి వెనిగర్ వద్దు, మచ్చలు పడతాయి. మట్టి నేల మూత్రాన్ని పీల్చుకుంటుంది. అక్కడ పైన అలికితే చాలదు. తడిసిన మట్టిని గీకి తీసేసి, కొత్త మట్టి వేసి, ఆరాక పేడతో అలకాలి. గోనెసంచులు, కొబ్బరి పీచు పట్టాలు వాసన వదలవు, వాటిని మార్చేయడమే మేలు. ఒక హెచ్చరిక. మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ పౌడర్ చల్లకండి. బ్లీచింగ్ పౌడర్‌నూ బాత్రూం కడిగే యాసిడ్‌నూ అసలే కలపకండి. ఊపిరితిత్తులకు హానిచేసే విషవాయువులు వస్తాయి.

శుభ్రం చేసే మనిషి ఆరోగ్యం కూడా ముఖ్యం. ఎలుకలు, కుక్కలు, పశువుల మూత్రం ద్వారా లెప్టోస్పిరోసిస్ అనే జబ్బు మనుషులకు అంటుకోవచ్చు. దీన్నే ఎలుక జ్వరం అంటారు. కన్నడంలో ఇలి జ్వర, తమిళంలో ఎలి కాయ్చల్ అంటారు. చేతుల మీద, కాళ్ళ మీద గాయాలుంటే వాటి గుండా క్రిములు లోపలికి పోతాయి. తడి నేలలో ఆ క్రిములు చాలా రోజులు బతుకుతాయి. యానాం వంటి గోదావరి ఒడ్డు ఊళ్ళలో, వరినాట్లు వేసే పల్లెల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. చేతికి తొడుగు వేసుకోండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. కుక్కకు రేబీస్ టీకాతో పాటు లెప్టోస్పిరోసిస్ టీకా కూడా వేయించండి.

కొన్ని ప్రత్యేక పరిస్థితులు చూద్దాం. వానాకాలంలో కొన్ని కుక్కలు తడి నేల మీద కాలు పెట్టవు. పెరట్లో ఒక మూల రేకు కప్పి, కింద ఇసుక పోసి ఉంచితే బరంపురం వైపు తుఫాను రోజుల్లో కూడా ఇబ్బంది ఉండదు. మేడ మీద ఉండేవాళ్ళు బాల్కనీలో వెడల్పాటి ట్రేలో ఇసుకో, గడ్డి దబ్బో పెట్టి అత్యవసరానికి అలవాటు చేయవచ్చు. సిమెంటు మీద పోయడానికే అలవాటుపడిన కుక్కకు మొదట గచ్చు అంచున, తర్వాత గచ్చు మీద చల్లిన ఇసుకలో, ఆ తర్వాత మట్టిలో, ఇలా మెట్లు మెట్లుగా నేర్పండి. దాని మూత్రం అద్దిన పాత కాగితం ఒకటి కొత్త చోట ఉంచితే దారి చూపుతుంది.

ముసలి కుక్క సంగతి వేరు. పదేళ్ళు దాటిన కుక్కకు కీళ్ళ నొప్పులవల్ల మెట్లు దిగలేకపోవచ్చు, తలుపు ఎక్కడుందో మరిచిపోవచ్చు. గోడ వైపు చూస్తూ నిలబడటం, రాత్రుళ్ళు తిరగడం, తెలిసిన మనుషులను గుర్తుపట్టకపోవడం కనిపిస్తే అది వయసుతో మెదడుకు వచ్చే మార్పు. వైద్యుడి సలహాతో కొంత ఉపశమనం ఉంటుంది. దానికి కొత్తగా నేర్పడంకంటే మనం సర్దుకోవడమే మార్గం. పడకను తలుపు దగ్గరికి మార్చండి, జారని పట్టా పరచండి, అర్ధరాత్రి ఒకసారి లేచి బయటికి తీసుకుపోండి. ఇంట్లో పెద్దవాళ్ళకు చేసే సేవను దీనికి కొంచెం పంచితే చాలు.

ఇదంతా ఎన్నాళ్ళు పడుతుంది? జబ్బు లేని పెద్ద కుక్కలో పద్ధతిగా చేస్తే రెండు నుంచి నాలుగు వారాల్లో స్పష్టమైన మార్పు కనిపిస్తుంది. ఏళ్ళ అలవాటైతే రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఆ నోటు పుస్తకం ఆపకుండా రాయండి. మొదటి వారం పది తప్పులు, మూడో వారం రెండు తప్పులు అని కాగితం మీద చూస్తే మీకూ ఓపిక వస్తుంది. ఇంట్లో ఒకరు నేర్పుతుంటే ఇంకొకరు కర్ర పట్టుకుంటే మాత్రం ఎన్నాళ్ళైనా రాదు.

చివరిగా, ఓపిక నశించినవారికి ఒక మాట. ఊరి బయట వదిలిన ఇంటి కుక్క వీధికుక్కల మధ్య బతకలేదు. తిండి వెతకడం దానికి రాదు, దారి దాటడం తెలియదు. ఏటా టీకా పడే కుక్క టీకా లేని కుక్కల్లో కలిసిపోతుంది. అది కరిచినా, దాన్ని కరిచినా నష్టపోయేది దారిన పోయే పిల్లలే. ఆకలితో, దాహంతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. చట్టం మాట అలా ఉంచినా, మన ఇంటి ముందు అలికిడికి మనకంటే ముందు లేచిన ప్రాణం అది. నెల రోజులు, రోజుకు ఆరుసార్లు, ఒక తాడు, ఒక మాట, ఒక చిన్న ముద్ద. అది మన నుంచి కోరేది ఇంతే. ముందు కారణం వెతకండి. జబ్బైతే వైద్యం చేయించండి, తెలియకపోతే నేర్పండి, భయమైతే ధైర్యం ఇవ్వండి. గడప అవతల పని ముగించి తోక ఊపుతూ లోపలికి వచ్చే రోజు తప్పకుండా వస్తుంది.